చిన్న కారులో కాళేశ్వరం దాకా

హైదరాబాద్‌లో సెల్ఫ్ డ్రైవ్ కార్లు కిరాయికిచ్చే ఏ చోట చూసినా అన్నిటికన్నా చౌకగా దొరికే బండి దాదాపు ఒకే కోవది. చిన్న హ్యాచ్‌బ్యాక్, మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, ఐదుగురు కూర్చోవచ్చని కాగితం మీద మాట. మారుతి వ్యాగన్‌ఆర్‌నే తీసుకుంటే, 998 సీసీ ఇంజన్ ఉన్న బండి ఖాళీగా 800 నుంచి 850 కిలోలు తూగుతుంది. ఇంజన్ గరిష్ఠంగా ఇచ్చే శక్తి సుమారు 49 కిలోవాట్లు. శని, ఆదివారాలకు తోడు సోమవారం కూడా సెలవు కలిసొస్తే ఐదుగురూ ఎక్కి కూర్చుంటారు, డిక్కీలో సంచులు కుక్కుతారు. మనిషికి 65 కిలోలు, సామానుకు 40 కిలోలు వేసుకుంటే 365 కిలోలు. రోడ్డెక్కిన మొత్తం 1,200 కిలోల్లో దాదాపు మూడో వంతు ఎక్కినవాళ్లూ వాళ్ల సంచులే. అదే రోడ్డు మీద పోయే 28 టన్నుల బొగ్గు లారీలో డ్రైవరు బరువు వెయ్యికి రెండు పాళ్లు.

ఈ నిష్పత్తి మనసులో ఉంటే చిన్న కారు తీరు చాలావరకు అర్థమవుతుంది. తేలికైన బండి కనుక పెట్రోలు తక్కువ తాగుతుంది. తేలికైన బండి కనుకనే మనుషుల బరువు, ఏసీ, ఎదురుగాలి, వాగు నీళ్లు అన్నీ దానికి పెద్దవే. ‘బండి గుంజుతలేదు’ అని విసుక్కునే ముందు దాని మీద మనం ఏమేం మోపామో లెక్క చూడటం న్యాయం.

లెక్క వేయడానికి మంచి దారి ఒకటుంది. అది చుట్టి వచ్చే జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు మూడూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ఉప్పల్‌లో 163వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే భువనగిరి, ఆలేరు, ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి, ఆ వెంటనే జనగామ. హనుమకొండ దాటాక ఆత్మకూరు దగ్గర 353సి రహదారికి మళ్లితే పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం వస్తుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరాలయం అక్కడిదే. తిరుగు దారిలో గణపురం కోటగుళ్లు, పాలంపేట రామప్ప చూసుకుని, మల్లంపల్లి నుంచి నర్సంపేట, మహబూబాబాద్, తొర్రూరు, పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి మీదుగా మళ్లీ జనగామ చేరొచ్చు. మొత్తం 600 కిలోమీటర్ల పైచిలుకు. నాలుగు వరసల రహదారి, రెండు వరసల అడవి దారి, పొలాల మధ్య రోడ్డు, వాగుల మీద వంతెనలు, ఇన్ని రకాలు ఒకే చుట్టులో తగులుతాయి.

బయల్దేరే ముందు నంబరు ప్లేటు చూడాలి. సెల్ఫ్ డ్రైవ్ కిరాయికి అనుమతి ఉన్న కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవరుతో సహా వచ్చే ట్యాక్సీ. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. నల్ల ప్లేటు బండ్ల వ్యాపారానికి ఆధారం 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ స్కీమ్. తెల్ల ప్లేటు బండిని తెలిసినవాళ్ల ద్వారా తక్కువకు తీసుకోవడం మన దగ్గర మామూలే. కానీ సొంత కారు బీమా పత్రంలో ‘కిరాయికి తిప్పితే వర్తించదు’ అనే షరతు ఉంటుంది. ఏమీ జరగనంత కాలం ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు.

ప్లేటు తర్వాత టైర్లు. కిరాయి కారును తుడిచి, సెంటు కొట్టి ఇస్తారు. గీతలుంటే ఫొటోలు తీసుకుంటారు. టైరు వైపు ఇచ్చేవాళ్లూ చూడరు, తీసుకునేవాళ్లూ చూడరు. నిజానికి రోడ్డును తాకి ఉండేవి ఆ నాలుగే, ఒక్కోటీ అరచేయంత మేర. టైరు గాళ్ల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తు దిమ్మెలుంటాయి. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పనైపోయినట్టే. పక్క గోడ మీద నాలుగంకెల గుర్తు ఒకటుంటుంది: 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద ఎంత గాలి ఉండాలో స్టిక్కరు కనిపిస్తుంది. ఐదుగురు ఎక్కినప్పుడు వెనక టైర్లకు ఎంతన్నది అక్కడే వేరుగా రాస్తారు. గాలి చల్లటి టైరులోనే చూడాలి. 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ ఉన్న టైరు లోపలి గాలి మే నెల రోడ్డు మీద 60 డిగ్రీలకు వేడెక్కితే పీడనం 38కి దగ్గరవుతుంది. ఎక్కువైందనుకుని దారి మధ్యలో గాలి తీయించేవాళ్లున్నారు. ఇలా తీయిస్తే చల్లారాక టైరు మెత్తబడుతుంది. మెత్తటి టైరు తిరిగినప్పుడల్లా ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఎండాకాలంలో టైర్లు పేలడానికి ఈ వంగుడు వేడి పెద్ద కారణం.

వానాకాలంలో ఇదే పీడనం మరో పని చేస్తుంది. రోడ్డు మీద నిలిచిన నీటిని పక్కకు తోసి టైరు నేలను పట్టుకోవాలి. వేగం ఒక హద్దు దాటితే తోయడానికి సమయం చాలదు, టైరు నీటి మీదికి ఎక్కేస్తుంది. ఆ క్షణం నుంచి స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా ఒకటే. నాసా 1960లలో విమాన టైర్ల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం ఈ హద్దు వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. గాళ్లు అరిగిన టైరులో 33 పీఎస్ఐ ఉంటే గంటకు సుమారు 95 కిలోమీటర్లు, 25 పీఎస్ఐ ఉంటే 83. కారు టైర్లకు అది ఇంకాస్త తక్కువే ఉండొచ్చు.

హైదరాబాద్ నుంచి జనగామ దాకా సుమారు 85 కిలోమీటర్లు. భువనగిరి మీదుగా వరంగల్ వైపు నాలుగు వరసల దారి. ఇక్కడ కారుకు రెండు అడ్డంకులే ఉంటాయి: టైర్లు దొర్లడంలో పోయే శక్తి, ఎదురుగాలి. మొదటిది బరువును బట్టి ఉంటుంది, వేగంతో పెద్దగా మారదు. మన 1,200 కిలోల బండికి అది 140 న్యూటన్ల దాకా వస్తుంది. గాలి అడ్డంకి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర 110 న్యూటన్లు, 80 దగ్గర 200, 100 దగ్గర 310. బలాన్ని వేగంతో గుణిస్తే కావలసిన శక్తి వస్తుంది: 60లో సుమారు 4 కిలోవాట్లు, 80లో ఏడున్నర, 100లో పన్నెండున్నర. బండి దగ్గరున్నవి 49. సమతలం మీద 80తో పోతున్న ‘బలహీనమైన’ కారు తన శక్తిలో ఆరో వంతు కూడా వాడటం లేదన్నమాట.

ఏసీ లెక్కను దీని పక్కన పెట్టి చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది. నడివేసవి మధ్యాహ్నం కంప్రెసర్ ఇంజన్ నుంచి ఒకటి మొదలుకొని రెండున్నర కిలోవాట్ల దాకా లాక్కుంటుంది. రెండు లీటర్ల ఇంజన్ ఉన్న ఎస్‌యూవీకి అది లెక్కలోకి రాదు. 60లో పోయే చిన్న కారుకు మాత్రం అది రోడ్డు అడిగే శక్తిలో పావు వంతు నుంచి సగానికి పైదాకా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ గాలి వాటా పెరిగి ఏసీ వాటా తగ్గుతుంది కనుక రహదారి మీద అద్దాలు మూసి ఏసీ వేసుకోవడమే మేలు. ఊరి ట్రాఫిక్‌లో ముక్కుతూ మూలుగుతూ పోయేటప్పుడు మైలేజీ ఎక్కువగా తినేది ఏసీయే. ఇంకోటి, ఆలయం ముందు ఎండలో రెండు గంటలు నిలిపిన కారు లోపలి గాలి బయటికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. ముందు నాలుగు తలుపులూ తీసి ఆ గాలిని పోనిచ్చాకే ఏసీ నొక్కాలి. బయట ఉచితంగా దొరికే చల్లదనం కోసం పెట్రోలు కాల్చడం దండగ.

మైలేజీ గురించి ఒక విచిత్రం. పోయేటప్పుడు లీటరుకు ఎక్కువ ఇచ్చిన బండి వచ్చేటప్పుడు తక్కువ ఇస్తుంది. జనం పెట్రోలు బంకును తిడతారు. నీరు పల్లమెరుగు అన్నట్టు ఈ ప్రాంతపు వాగులన్నీ ఎటు పోతాయో చూస్తే కారణం దొరుకుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డు వంద మీటర్లకు అటూఇటూ. కళ్లకు కనిపించనంత మెల్లగా 430 మీటర్లు దిగిపోతాం. తిరిగి 1,200 కిలోలను అంత ఎత్తుకు ఎక్కించడానికి 50 లక్షల జౌళ్లు కావాలి. పెట్రోలులో ఉన్న శక్తిలో నాలుగో వంతే చక్రాలకు చేరుతుంది కనుక ఎక్కడానికి అదనంగా అరలీటరు పైన, ముప్పావు లీటరు లోపున ఖర్చవుతుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. అందుకే మిశ్రమంలో శక్తి ఏడు శాతం దాకా తగ్గుతుంది. ఐదుగురితో, ఏసీతో లీటరుకు 17, 18 కిలోమీటర్లు వస్తే ఆ బండి నిజాయితీగా పనిచేస్తున్నట్టే. కంపెనీ చెప్పే 24 ప్రయోగశాలలో రోలర్ల మీద తిరిగి వచ్చిన అంకె.

ఆత్మకూరు దగ్గర రహదారి మారగానే లెక్కలూ మారతాయి. ఇక్కడ డివైడరు లేదు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి, పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. మహదేవపూర్ వైపు నుంచి గోదావరి ఇసుక వస్తుంది. కనుక దారి పొడుగునా టిప్పర్లు, లారీలే. చిన్న కారు ఇంతవరకు వాడకుండా దాచుకున్న శక్తి ఇక్కడ అవసరమవుతుంది. అది చాలుతుందా లేదా అనేది నాలుగు అంకెలతో తేల్చొచ్చు.

ముందు 12 మీటర్ల లారీ గంటకు 50 కిలోమీటర్లతో పోతోంది. మనం 15 మీటర్లు వెనకున్నాం. దాటాక మళ్లీ 15 మీటర్లు ముందుకు పోయి మన వరసలోకి రావాలి. మన కారు పొడవు మూడున్నర మీటర్ల పైన. అంటే లారీ కన్నా 46 మీటర్లు ఎక్కువ పోవాలి. మూడో గేరులో డ్రైవరు ఒక్కడే ఉంటే ఈ కారు వేగం సెకనుకు సెకనుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున పెరుగుతుంది. దాటడానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది, ఆలోపు కారు 155 మీటర్లు పోతుంది. అదే గేరులో ఐదుగురుంటే త్వరణం 1.1కి పడిపోతుంది, 9 సెకన్ల పైన, 173 మీటర్లు. ఎదురుగా 60తో వచ్చే బండి ఈ తొమ్మిది సెకన్లలో 150 మీటర్లు దగ్గరికొచ్చేస్తుంది. రెండూ కలిపితే 325 మీటర్ల ఖాళీ రోడ్డు కళ్లకు కనిపించాలి. ఐదుగురున్న బండిని ఐదో గేరులోనే ఉంచి పెడల్ తొక్కితే త్వరణం అర మీటరు మించదు. అప్పుడు పట్టే సమయం 13 సెకన్ల పైన, కావలసిన ఖాళీ 460 మీటర్లు.

అవే మనుషులు, అదే ఇంజన్, అదే లారీ. గేరు మార్చకపోతే 135 మీటర్లు అదనంగా కావాలి. చిన్న ఇంజన్‌లో మంచి టార్క్ పుట్టేది నిమిషానికి 2,500 తిరుగుళ్ల పైన. ఐదో గేరులో 50 దగ్గర ఇంజన్ 1,600 తిరుగుళ్ల దగ్గర బద్ధకంగా ఉంటుంది. మూడో గేరుకు దించితే ఇంజన్ అరుస్తుంది, లోపల కూర్చున్న పెద్దవాళ్లు ‘మెల్లగా పో బిడ్డా’ అంటారు. ఆ అరుపు ఇంజన్ బాధ కాదని వాళ్లకు ముందే చెప్పి ఉంచితే మంచిది. క్లచ్ పెడల్ లేని ఏఎంటీ కార్లు కిరాయికి ఎక్కువగా అడుగుతున్నారు. వాటిలో పెడల్ తొక్కిన తర్వాత గేరు దిగడానికి సెకను దాకా ఆలస్యమవుతుంది, ఆ సెకనులో కారు మరో 14 మీటర్లు పోతుంది, ఎదురు బండి ఇంకా దగ్గరవుతుంది. పక్కకు తీయకముందే లీవరును మాన్యువల్‌కు జరిపి గేరు దించుకోవాలి. పెడల్ పూర్తిగా తొక్కితే చాలా కార్లలో కంప్యూటరే ఏసీ కంప్రెసర్‌ను కొన్ని క్షణాలు ఆపేస్తుంది. పాత బండి అయితే ఆ పని మన వేలిదే.

మరో చిక్కుంది. కొన్ని కిరాయి కార్లకు 80 దగ్గర స్పీడ్ గవర్నర్ బిగించి ఉంటుంది. 50తో పోయే లారీని దాటడానికి అది పెద్ద అడ్డు కాదు. ఖాళీ టిప్పరు 65తో పోతుంటే మాత్రం దానికన్నా మనం గంటకు 15 కిలోమీటర్లే ఎక్కువ పోగలం. దాటడానికి 13 సెకన్లు, ఖాళీ రోడ్డు అర కిలోమీటరు. కాటారం దాటాక అడవి వంపుల్లో అంత నేరుగా కనిపించే రోడ్డు అరుదు. ఆ టిప్పరు వెనకే పోతే కాళేశ్వరానికి ఎంత ఆలస్యమవుతుంది? 20 కిలోమీటర్ల దూరాన్ని 80తో పోతే 15 నిమిషాలు, 65తో పోతే పద్దెనిమిదిన్నర. మూడున్నర నిమిషాల కోసం అర కిలోమీటరు అప్పు చేయడం నాకు బేరం అనిపించదు.

ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు వేరే గొడవ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఊరివాళ్లు సొంతంగా పోసుకున్నవి అడుగున్నర వెడల్పులో అంతకన్నా ఎత్తు లేస్తాయి. ఖాళీ బండి అడుగు భాగానికీ నేలకూ మధ్య 17 సెంటీమీటర్ల దాకా ఖాళీ ఉంటుంది, ఐదుగురు ఎక్కితే వెనక స్ప్రింగులు కుంగి అందులో కొన్ని సెంటీమీటర్లు పోతాయి. కిందినుంచి గరగరమని వినిపిస్తే డిపాజిట్ కరిగిన చప్పుడే. వెనక కూర్చున్న ఇద్దరు దిగి నడిస్తే అంతా తీరుతుంది, కానీ సెలవు మీద వచ్చినవాళ్లను దించడం ఎవరి తరం!

నర్సంపేట నుంచి మహబూబాబాద్ వైపు తిరిగితే రోడ్డు మీద కొత్త పదార్థం ఎదురవుతుంది: వడ్లు. వానాకాలం కోతల్లో, మళ్లీ యాసంగి కోతల్లో, అక్కడక్కడ మక్కలు కూడా రోడ్డుకు ఒక వైపు వరస మేర పరిచి ఆరబెడతారు. రైతును తప్పు పట్టడం తేలిక. కల్లాలు సరిపోవు, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, ఎండకు కాగిన తారు రోడ్డు గింజను సిమెంటు నేల కన్నా త్వరగా ఆరబెడుతుంది. అదీ సైన్సే. కారు వైపు నుంచి చూస్తే మాత్రం గింజ పొర అంటే టైరుకూ రోడ్డుకూ మధ్య దొర్లే బేరింగులు.

గంటకు 80తో పోతున్న కారును ఆపాలంటే, ముప్పును చూసి కాలు బ్రేకు మీదికి పోయేలోపు ఒకటిన్నర సెకన్లలో 33 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద బ్రేకులు పట్టాక ఇంకో 36. మొత్తం 69 మీటర్లు. గింజల మీద పట్టు సగానికి తగ్గిందనుకుంటే ఆ 36 కాస్తా 72 అవుతుంది. మరో ఇబ్బంది, కుప్పలు రోడ్డుకు ఒక పక్కనే ఉంటాయి. ఎడమ చక్రాలు గింజల మీద, కుడి చక్రాలు తారు మీద ఉండగా గట్టిగా బ్రేకు తొక్కితే పట్టున్న వైపుకు బండి తిరగబోతుంది. ఏబీఎస్ చక్రాలు బిగుసుకుపోకుండా చూసి స్టీరింగ్‌ను మన చేతిలో ఉంచుతుంది. గింజల మీద ఆగే దూరాన్ని అది తగ్గించలేదు.

బరువుకూ ఆగే దూరానికీ నేరుగా సంబంధం లేదు. బరువు పెరిగినకొద్దీ టైరు పట్టూ పెరుగుతుంది కనుక లెక్కలో రెండూ కొట్టేసుకుపోతాయి. బ్రేకులు మింగాల్సిన వేడి మాత్రం కొట్టేసుకుపోదు. 80తో పోతున్న 1,200 కిలోల్లో దాదాపు మూడు లక్షల జౌళ్ల గతిశక్తి ఉంటుంది. గది వేడిమిలో ఉన్న లీటరు నీళ్లను మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. ఒక్కసారి ఆగితే అంత వేడి ముందు చక్రాల రెండు చిన్న డిస్కుల్లోకి, వెనక డ్రమ్ముల్లోకి పోతుంది. ఎందరో తొక్కిన కిరాయి కారులో అరిగిన బ్రేకు ప్యాడ్లు ఈ వేడికి ముందు లొంగుతాయి. బండి తీసుకున్న వీధిలోనే రెండుసార్లు గట్టిగా ఆపి చూసుకోవడం అందుకే.

రాత్రి ఈ రోడ్లలో వడ్ల కుప్పల మీద నల్ల పట్టాలు కప్పి, ఎగిరిపోకుండా అంచుల వెంట రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా. ఎదురు బండ్ల కోసం లో బీమ్ వేసుకున్న చిన్న కారు దీపాలు స్పష్టంగా చూపేది 40, 50 మీటర్లు. 80లో ఆగడానికి 69 మీటర్లు కావాలని చూశాం. చూడగలిగిన దూరంలో ఆగాలంటే వేగం 60 దాటకూడదు. 60లో ఆగే దూరం 45 మీటర్లు. మహబూబాబాద్ నుంచి తొర్రూరు, పాలకుర్తి మీదుగా జనగామ దారిని పొద్దుండగానే ముగించుకోమని నా సలహా.

ఇక వాగులు. మోరంచ, చలివాగు, ఆకేరు, మున్నేరు, పాలేరు. ఎండాకాలంలో వీటిని దాటినట్టు కూడా తెలియదు. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్రంలో ఏడాదంతా కురిసే వానలో సగానికి పైగా ఒక్క రోజులో. పరకాల, భూపాలపల్లి దారిలోని మోరంచపల్లి మునిగిపోయి జనం ఇళ్ల పైకప్పులు ఎక్కారు. మరుసటి ఏడు, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అదే రోజు మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వంతెన మీద ఒక కారు కొట్టుకుపోయి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అడుగు లోతు నీళ్లు కారునేం చేస్తాయనిపిస్తుంది. రామప్ప చూసి వస్తున్నవాళ్లకు జవాబు చేతిలోనే ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ గుడి శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి. లోపల సందులుండి, సాంద్రత నీటికన్నా తక్కువ కావడమే కారణం. తలుపులు మూసిన కారును మొత్తంగా ఒక వస్తువు అనుకుంటే లోపలంతా గాలే. దాని సగటు సాంద్రత ఆ ఇటుకల కన్నా ఎన్నో రెట్లు తక్కువ.

అంకెల్లో చూద్దాం. ఇద్దరున్న చిన్న కారు బరువు 960 కిలోలు. అడుగు భాగం వైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు, నేల నుంచి ఎత్తు 17 సెంటీమీటర్లు. నీటి లోతు 30 సెంటీమీటర్లుంటే అడుగు భాగం 13 సెంటీమీటర్లు మునుగుతుంది. నీరు లోపలికి ఊరకముందు ఆ మునిగిన మేర 650 కిలోల బరువును నీళ్లే మోస్తాయి. టైర్ల మీద మిగిలేది 310 కిలోలు. తడిసిన వంతెన మీద ఆ 310 కిలోలు పక్కకు జారకుండా ఇవ్వగలిగే పట్టు సుమారు 1,200 న్యూటన్లు. నీళ్లు సెకనుకు రెండు మీటర్ల వేగంతో, అంటే మనిషి చురుగ్గా నడిచే వేగానికి కాస్త ఎక్కువగా అడ్డంగా ప్రవహిస్తే కారు పక్క భాగాన్ని నెట్టే బలం 1,100 న్యూటన్ల దాకా వస్తుంది. అంటే సరిగ్గా అంచున ఉన్నాం. ప్రవాహ వేగం మూడు మీటర్లైతే నెట్టుడు వర్గంలో పెరిగి 2,500 న్యూటన్లు. లోతు ఇంకో ఆరు సెంటీమీటర్లు పెరిగి 36 అయితే నెట్టడం దాకా ఎందుకు, కారు పూర్తిగా తేలిపోతుంది. ఐదుగురు కూర్చుంటే బరువు నిలబెడుతుందా? తేలే లోతు 36 నుంచి 41కి పెరుగుతుంది, అంతే. ఇంజన్ ముందుంది కనుక తేలిక వైపైన వెనక భాగం ముందు లేచి, ప్రవాహం పోయే వైపు తిరుగుతుంది. ముందు చక్రాలు నేల మీదే ఉండి తిరుగుతున్నా బండి మన మాట వినదు.

ముందుపోయిన లారీ దాటింది కదా అని చాలామంది దిగుతారు. లారీ అడుగు భాగం ఎత్తు, బరువు 28 టన్నులు. అర మీటరు నీళ్లు దాన్ని లేపే ప్రశ్నే లేదు. దాని చక్రాల అల మన కారు తలుపుల దాకా కొడుతుంది. వంతెన అంచు, దాని మీది తారు ఉన్నాయో కొట్టుకుపోయాయో మురికినీటిలో కనిపించదు. పోలీసులు అడ్డుగా పెట్టిన ముళ్లకంపను జరిపి పోయేవాళ్ల ధైర్యానికి ఈ లెక్కలో ఏ అంకే లేదు. పరకాల దారి మూసుకుపోతే ములుగు వైపు నుంచి, ఆకేరు పొంగితే పాలకుర్తి వైపు నుంచి చుట్టు తిరగాలి, అవీ మూసుకుపోతే ఆ రాత్రి హనుమకొండలోనే.

నీళ్లు తక్కువగా ఉండి, నిలకడగా ఉండి దాటినా ఇంజన్‌కు ఒక గండం ఉంటుంది. చిన్న కారు గాలి పీల్చుకునే గొట్టం నోరు ముందు గ్రిల్ వెనకే ఉంటుంది. వేగంగా దిగితే ముందు లేచే అల ఆ నోటిదాకా పోతుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. సిలిండరులోకి పావు గ్లాసు నీళ్లు పోయినా పిస్టన్‌ను పైకి నెట్టే కడ్డీ వంగిపోతుంది. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. మామూలు బీమా ఇలా పాడైన ఇంజన్‌కు సాధారణంగా డబ్బివ్వదు, దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి. కిరాయి కాగితాల్లో ఆ మాట ఉందో లేదో ఉప్పల్‌లోనే చూసుకోవాలి. లేకపోతే, తాళం ముట్టుకోకుండా న్యూట్రల్‌లో పెట్టి ట్రాక్టరుకు తాడు కట్టించి బయటికి లాగించడమే చౌక.